మహేంద్రగిరి పైదాకా కార్లు పోనివ్వాలా?

పర్లాకిమిడి వాసి:
మొన్న శివరాత్రికి కొండెక్కాం. 1,501 మీటర్లు, ఒడిశాలోని ఎత్తయిన శిఖరాల్లో ఇదొకటి. గాంగ రాజులు ముఖలింగంలో ఉండి ఏలుతూ, తమ శాసనాల్లో ఈ శిఖరం మీది గోకర్ణస్వామికి మొక్కుకున్నారు. అలాంటి చోట హారన్ల మోత తప్ప శివనామం వినబడలేదు. బళ్లన్నీ చివరి మలుపుల ముందే ఆపించి జనాన్ని నడిపించాలంటాను. మీరేమంటారు?

మందస కుర్రాడు:
నిజమే అన్నా. మేం చీకటితోనే బయల్దేరి నడిచాం. మోకాళ్లు పట్టేశాయి. కానీ భీముడి గుడి ముందు నిలబడితే ఆ బండల బరువేంటో మా కాళ్లకి తెలిసింది. కారు దిగొచ్చినవాళ్లు ‘ఇంత చిన్న గుడా’ అని ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. మహేంద్రతనయ ఈ కొండల్లో పుట్టి మా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన పారేసిన ప్లాస్టిక్ గ్లాసు వానొస్తే మా వైపుకే కదా కొట్టుకొచ్చేది!

గుణుపురం ఆడపడుచు:
మా అమ్మకి 72 ఏళ్లు. కుంతి గుడిలో లింగానికి దండం పెట్టుకోవాలని ఎన్నేళ్లుగానో కోరిక. జీపు లేకపోతే ఆవిడకి ఆ దర్శనమే లేదు. కాళ్లు సాగనివాళ్లకి దేవుడు వద్దా బాబూ?

కొండ ఊళ్ల నర్సు:
మీరంతా యాత్ర గురించే మాట్లాడుతున్నారు. ఆ దారి పొడుగునా సవర గిరిజనుల ఊళ్లున్నాయి. రోడ్డు లేని ఊరి నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో దించుతుంటే పక్కన నడిచాను. రోడ్డు మీద గేటు పెట్టే ముందు వాళ్లని అడగరా? గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో పంతులుగా ఉండి వాళ్ల భాష నేర్చుకున్నారు. మనం వాళ్ల వాకిళ్ల ముందునుంచి పోతూ పలకరించను కూడా పలకరించం.

పర్లాకిమిడి వాసి:
అక్కా, వాళ్ల సంగతి నాకు తోచకపోవడం తప్పే. ఊళ్లవాళ్ల బళ్లు, అంబులెన్సు, పెద్దవాళ్ల జీపు పోవాల్సిందే. ఆపాల్సింది నాలాంటి కాళ్లున్నవాళ్ల కార్లని. ఆ గేటు ఎక్కడ పెట్టాలో కూడా ఆ ఊళ్లవాళ్లే చెప్పాలి.

మందస కుర్రాడు:
అలాగైతే నడిచేవాళ్లకీ కట్టుబాటు ఉండాలన్నా. మధ్యాహ్నం రెండు దాటితే, శిఖరం కళ్లెదుట ఉన్నా సరే, దిగిపోవాలి. మబ్బు కమ్మితే పది అడుగుల అవతల దారి కనబడదు. నీళ్ల సీసాలు మోసుకెళ్లినవాళ్లే ఖాళీవి కిందికి తేవాలి.