చలికాలంలో ముందు ఏ పని పట్టుకోవాలి? ధాన్యం, విత్తనం, ట్రాక్టర్ మూడూ ఒకేసారి పిలుస్తున్నాయి

గట్టుమీది_పిల్ల:

అందరికీ నమస్కారం. నాన్నకి నడుము ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువు ఎత్తకూడదు, ట్రాక్టర్ ఎక్కకూడదు అన్నారు డాక్టరు గారు. దాంతో ఈ చలికాలం పొలం పనంతా నా నెత్తిన పడింది. పొలం నాకు కొత్తేం కాదు. చిన్నప్పటి నుంచి లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది, కోతలప్పుడు సంచుల మూతులు కుట్టేదీ నేనే. కానీ ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం ఎప్పుడూ నాన్నే చెప్పేవారు. ఇప్పుడు అడిగితే మంచం మీద నుంచి "చూసుకోవే, నీకే తెలుస్తుంది" అంటున్నారు. తెలియట్లేదు కాబట్టే కదా అడిగేది!

మా పరిస్థితి ఇదీ. వరి ఐదెకరాలు, మొక్కజొన్న మూడు. కోతలై రెండు నెలలు దాటింది. వడ్లు 60 సంచులు షెడ్డులో గోడకి ఆనించి నెట్టు కట్టి ఉన్నాయి. విత్తనానికని తీసిపెట్టినవి ఆరు సంచులు, పక్కన విడిగా ఉన్నాయి. మొక్కజొన్న విత్తనం ప్యాకెట్లలో కొన్నదే. ట్రాక్టర్‌ని కోతలయ్యాక స్టార్ట్ చేసిన పాపాన పోలేదు. విత్తే మిషన్ పోయినేడు అంటిన మట్టితోనే మూలన ఉంది. చలి ఉండగానే నారు పోయాలి, చలి తగ్గగానే మొక్కజొన్న వేయాలి.

రెండు అనుమానాలు. ఒకటి: నిన్న నెట్టు మధ్యలో ఒక సంచి మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. పైవరస సంచులు మాత్రం చల్లగా ఉన్నాయి. ఇది మామూలేనా, టెన్షన్ పడాలా? రెండు: పోయినేడు మొక్కజొన్న మూడు సాళ్లు బాగా మొలిచి, పక్క సాలు బోసిగా వచ్చింది. పొలమంతా అదే వరస. నాన్న విత్తనాన్ని తిట్టారు. నాకు మిషన్ మీదే అనుమానం.

పాతకల్లం:

అమ్మాయ్, ట్రాక్టరూ మిషనూ ఎక్కడికీ పోవు. వెచ్చగా తగిలింది అన్నావు చూడు, రేపు పొద్దున్నే ఆ పని మీదే ఉండు.

గింజకి ప్రాణం ఉంటుంది, ఊపిరి తీస్తుంది. తేమ ఎక్కువైతే ఆ ఊపిరి పెరుగుతుంది, దాంతో వేడి పుడుతుంది. వేడికి పురుగు చేరుతుంది, పురుగు వల్ల ఇంకా వేడి. చలికాలంలో బయటి సంచులు తొందరగా చల్లబడతాయి, నడిమివి కోతల నాటి వేడితోనే ఉండిపోతాయి. ఆ వెచ్చటి గాలి పైకి లేచి పైవరస చల్లటి గింజని తాకగానే దాంట్లోని తేమ అక్కడే దిగిపోతుంది. అందుకే పైసంచుల్లో గింజలు ఉండకట్టి ముక్కిన వాసన వస్తాయి. పైకప్పు కారిందేమో అనుకుంటాం, కారదు. కాబట్టి నడుమ ఒక్కటే కాదు, పైవరసలో కూడా చెయ్యి పెట్టి వాసన చూడు.

తేమ మీటరు లేకపోతే ఉప్పు పరీక్ష చెయ్యి. బాగా ఎండిన గాజు సీసా తీసుకో, మూడో వంతు వడ్లు పొయ్యి. పెనం మీద వేడిచేసి చల్లార్చిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత బిగించి బాగా ఊపి పావుగంట వదిలెయ్యి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటుకోకపోతే నిల్వకి దాదాపు పరవాలేదు. విత్తనానికి మాత్రం 12 దగ్గరికి రావాలి, పంటి కింద పటుక్కున విరగాలి.

తేమ ఉందని తేలితే నెట్టు విప్పి పట్టాల మీద పల్చగా ఎండబెట్టు. సాయంత్రం పూర్తిగా చల్లారాకే సంచుల్లోకి ఎత్తాలి. ఇది నా సొంత చేటు కాబట్టి నొక్కి చెప్తున్నా. ఓసారి మబ్బు పడుతోందని కంగారుపడి ఎండలో కాలుతున్న వడ్లని అలాగే ఎత్తి కుట్టేశాను. నెల తిరిగేసరికి సంచి విప్పితే గుప్పుమని వడ్ల చిలుకలు, అదే రెక్కల పురుగులు, ఎగిరాయి. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

మళ్లీ నెట్టు కట్టేటప్పుడు కింద చెక్కలు వెయ్యి, గోడకి మూర దూరం వదులు. ఇంకోమాట. పురుగు కనిపించిందని ఎవరైనా గ్యాస్ బిళ్ళలు తెచ్చిస్తే, మీ షెడ్డు ఇంటిని ఆనుకుని ఉంటే అసలు ముట్టుకోవద్దు. ఆ గ్యాసు పక్క గదిలో పడుకున్న మనుషుల ప్రాణం తీస్తుంది. పైగా చలిలో బిళ్ళ నెమ్మదిగా కరుగుతుంది, అయిపోయిందిలే అని తలుపు తీసేటప్పటికి కూడా గ్యాసు వస్తూనే ఉంటుంది.

సాలుతిన్నగా:

చెల్లెమ్మా, పెద్దాయన చెప్పింది చేస్తూనే ఈ రాత్రికి మొలక పరీక్ష పెట్టెయ్. ఐదు నిమిషాల పని.

విత్తనపు సంచులు ఆరింట్లోంచీ పైనా, నడుమా, అడుగునా గుప్పెడు గుప్పెడు తీసి కలుపు. అందులోంచి వంద గింజలు లెక్కపెట్టు. బాగున్నవి ఏరొద్దు! అందరం చేసే తప్పు అదే, మనల్ని మనమే మోసం చేసుకుంటాం. తడిపి పిండిన గుడ్డలో వరసగా పేర్చి చుట్టి ఇంట్లో వెచ్చటి చోట పెట్టు, ఆరకుండా చూడు. ప్యాకెట్ల మొక్కజొన్నకీ విడిగా ఇలాగే చెయ్. దానికి వారం చాలు, వరికి 14 రోజుల దాకా ఆగు. షెడ్డు చలిలో పెట్టి మొలకలు రాలేదని ఏడవకు.

లెక్క సులువు. ఎకరా నారుకి 20 కిలోలు అనేది 80 శాతం మొలక ఉంటుందనే లెక్కతో. నీకు 64 వస్తే 25 కిలోలు నానబెట్టాలి. 60 కన్నా తగ్గితే మాత్రం విత్తనం మార్చెయ్. ఎన్ని కిలోలు పోసినా ఆ మొలకల్లో సత్తువ ఉండదు, చలి నారుమడిలో అస్సలు నిలవవు. మొలవని గింజల్ని గోటితో నొక్కి చూడు. మెత్తగా పాలలా కారితే చచ్చినవి. గట్టిగా ఉంటే ఇంకా నిద్రలో ఉన్నాయేమో. కొన్ని రకాలకి కోత తర్వాత ఆ నిద్ర తొందరగా తీరదు. ఇంకో రెండు వారాలాగి మళ్లీ చూడు.

నారు సంగతి: చలిలో మండె కట్టినప్పుడు, అంటే నానిన వడ్లని మొలక కోసం గోనెలు కప్పి ఉంచినప్పుడు, 24 గంటల్లో ముక్కు పగల్లేదని కంగారు పడకు. గోనెలు ఇంకో రెండు కప్పు, ఒకటిన్నర రోజైనా పట్టొచ్చు. నారుమడిలో రాత్రి చల్లబడిన నీళ్లు పొద్దున్నే తీసేసి కొత్త నీళ్లు పెట్టు. మరీ చలిగా ఉంటే రాత్రిపూట పాలిథిన్ షీటు కప్పి పొద్దున తీసెయ్. నారు పసుపెక్కగానే యూరియా చల్లేస్తారు చాలామంది. అది చలి దెబ్బో, జింకు లోపమో ముందు చూసుకో. జింకైతే లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేస్తే తేరుకుంటుంది.

గ్రీజుచేతులు:

గుడ్డలో చుట్టిన గింజలు వాటంతట అవే మొలుస్తాయి, ఎండలో పోసిన వడ్లు వాటంతట అవే ఎండుతాయి. మనిషి చేతులు కావాల్సింది మిషన్లకే. విత్తే వారంలో మెకానిక్ దొరకడు అక్కా, ఇప్పుడైతే ఖాళీగా ఉంటాడు.

ట్రాక్టర్ స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి ఎలకలు వైర్లు కొరికాయేమో చూడండి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉంటే 12.6 వోల్టులు చూపించాలి, 12.4 కన్నా తగ్గితే చార్జింగ్ పెట్టండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకు గోడలకి రాత్రి చలికి నీరు పడుతుంది.

ఇక మీ బోసి సాలు. నాదీ మిషన్ మీదే అనుమానం. విత్తనం చెడ్డదైతే నాలుగు సాళ్లూ పల్చబడాలి, ఒక్కటే కాదు. మిషన్‌ని జాకీ మీద ఎత్తండి, చక్రం గాల్లో తిరగాలి. చక్రం చుట్టుకొలత తాడుతో కొలవండి. రెండు మీటర్లు అనుకుందాం, 20 సార్లు తిప్పితే 40 మీటర్లు నడిచినట్టు. నాలుగు సాళ్లు, సాలుకి సాలుకి 60 సెంటీమీటర్లు, అంటే వెడల్పు 2.4 మీటర్లు. మొత్తం 96 చదరపు మీటర్లు, ఎకరంలో దాదాపు 42వ వంతు. ఎకరాకి 8 కిలోలు పడాలంటే ఇక్కడ 190 గ్రాములు రావాలి. అన్నీ ఒకే డబ్బాలో పట్టొద్దు! ఒక్కో గొట్టం కింద ఒక్కో డబ్బా పెట్టండి, ఒక్కో దాంట్లో 47 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి. ఏ డబ్బా తేలిగ్గా ఉందో దొంగ అదే.

సాలుతిన్నగా:

ఒకటి మర్చిపోయాను. మొక్కజొన్న తొందరపడి వెయ్యకు చెల్లెమ్మా. పొద్దున్నే రెండంగుళాల లోతులో నేల 10 డిగ్రీలు దాటి, అలాగే కొన్నాళ్లు నిలిస్తేనే వెయ్యి. గాలి వెచ్చబడినంత తొందరగా నేల వెచ్చబడదు.

గట్టుమీది_పిల్ల:

పదిహేను రోజులైంది, అందరికీ కలిపి చెప్తున్నా.

పాతకల్లం బాబాయ్, మీరన్నట్టే పైవరసలో రెండు సంచులు ముక్కిన వాసన వచ్చాయి, అవి పక్కకి తీసేశాను. నడిమి సంచుల వడ్లతో ఉప్పు పరీక్ష చేస్తే ఉప్పు సీసాకి మంచు పట్టినట్టు అంటుకుంది. నెట్టు మొత్తం విప్పి నాలుగు రోజులు ఎండబెట్టాం. చల్లారాకే ఎత్తాం, ఒట్టు. షెడ్డుకీ మా పడకగదికీ మధ్య ఒక్క గోడే, బిళ్ళల జోలికి పోలేదు.

మొలక: మొక్కజొన్న 94. వరి 71. మొలవని 29లో 18 గట్టిగానే ఉన్నాయి, నిద్రపోతున్నట్టున్నాయి. ఇంకోసారి పెట్టాను. ఈసారీ 71 దగ్గరే ఆగితే ఎకరాకి ఇరవై రెండున్నర కిలోలు నానబెడతాను.

ట్రాక్టర్ బ్యాటరీ 12.1 చూపించింది, చార్జింగ్ పెట్టాం. ఎలకలు వైర్ల జోలికి పోలేదు గానీ సీటు స్పాంజి సగం తినేశాయి.

మిషన్ డబ్బాలు వరసగా: 48, 49, 21, 47. మూడో గొట్టం ఊడదీసి నేలకేసి కొడితే బొటనవేలంత మట్టిగడ్డ రాలింది. కందిరీగ ఎప్పుడో కట్టిన గూడు, ఎండి రాయిలా ఉంది. దారి సగం మూసేసింది. దాన్ని కాగితంలో పెట్టి తీసుకెళ్లి నాన్నకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశారు, పోయినేడు విత్తనాన్ని తిట్టిన సంగతి మాత్రం ఎత్తలేదు. కాసేపాగి, "ఎరువు గొట్టాలు కూడా చూశావా?" అన్నారు.

చూడలేదు. ఇప్పుడు వెళ్తున్నా.