ఇంగ్లీషు అంత సులువైన భాషా? మరి ప్రపంచమంతా ఎలా పాకింది?

కోటిపల్లి రేవు: నిన్న యానాం బస్సులో ఒకాయన అంటాడూ, ఇంగ్లీషు సులువు కాబట్టే ప్రపంచమంతా పాకిందంట, ఒళ్లు మండిందండి. సీ ఓ ఎల్ ఓ ఎన్ ఈ ఎల్ అని రాసి కర్నల్ అని చదవమనే భాష సులువేంటండి బాబూ. ఫిరంగి వల్ల పాకింది. 1758 డిసెంబరులో మన పిఠాపురం పక్కన చందుర్తిలో ఇంగ్లీషోళ్ల కర్నల్ ఫోర్డే ఫ్రెంచోళ్లని కొట్టాడు, నాలుగు నెలలకి బందరు కూడా పోయింది. అది అటూ ఇటూ అయ్యుంటే ఇవాళ రాజమండ్రి నిండా స్పోకెన్ ఫ్రెంచ్ బోర్డులే.

పాలకొల్లు మాస్టారు: ఫిరంగి ఒక్కటే అయితే డచ్చోళ్ల సంగతేంటి? మా ఊళ్లో 17వ శతాబ్దంలోనే కొట్టు పెట్టారు, జావాని తరతరాలు ఏలారు. స్వాతంత్ర్యం రాగానే ఇండోనేషియావాళ్లు మలయ్ నుంచి పుట్టిన భాష పెట్టుకుని డచ్చిని వదిలేశారు. ఇక్కడ ఇంగ్లీషుని అంటించింది కొలువండి. 1835లో మెకాలే మాట మీద గవర్నర్ జనరల్ బెంటింక్ సర్కారు డబ్బుని ఇంగ్లీషు చదువుకి మళ్లించాడు, 1844లో అదే కుర్చీలో ఉన్న హార్డింజ్ ఆ చదువున్నోళ్లకే ఉద్యోగాల్లో పెద్దపీట అన్నాడు, ఇంకెవరాగుతారు? అన్నట్టు ఇంగ్లీషోళ్లని మన ఉత్తర సర్కార్లకి, అంటే ఈ కోస్తా జిల్లాలకి, రమ్మని కబురెట్టింది విజయనగరం ఆనందగజపతిరాజుగారే, అదీ రాయండి.

కోటిపల్లి రేవు: ఆయ్, ఒప్పుకున్నాం మాస్టారూ. కానీ ఆ కొలువులు పంచిన చెయ్యి ఎవరిది, ఫిరంగి పట్టుకున్నోడిదే కదా. ఆస్ట్రేలియాలో అయితే కొలువు ఆశ కూడా పెట్టలేదు, ఓడలెక్కొచ్చి అక్కడోళ్ల నేలతోపాటు నోరూ లాక్కున్నారు.

యానాం గట్టు: మీరిద్దరూ తెల్లోడి రోజుల్లోనే ఆగిపోయారు. మా తాత ఫ్రెంచి బళ్లో చదివాడు, 1954లో యానాం ఇండియాలో కలిశాక మా నాన్నని ఇంగ్లీషు బళ్లో వేశాడు, ఎవడూ తుపాకీ పెట్టలేదే. రువాండాని ఏలింది బెల్జియం, అయినా 2008లో బడుల్లో ఫ్రెంచి తీసి ఇంగ్లీషు పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక డాలరు, విమానాలు, కంప్యూటర్లు అన్నీ ఆ భాషలోనే వచ్చాయి, బ్రిటనోడు కొట్టు కట్టేస్తే అమెరికావోడు అదే బోర్డుతో తెరిచాడు, అంతే.

పాలకొల్లు మాస్టారు: ఆ బోర్డు రాసిందెవరు మరి? రేవు గారి ఓడలే కదా. ఇక్కడ మాత్రం ఆయనకే నా ఓటు.

నరసాపురం లేసు: గొడవ మధ్యలో ఒక్క మాటండి. మా మాధవాయిపాలెం నేత బట్ట ఇంగ్లీషు డిక్షనరీలో మడపొల్లాం అని ఎక్కింది. ఊళ్లో అడిగితే ఆ పేరు ఎవరికీ తెలీదు, అది వేరే సంగతి.