‘బరువు’ అనాలా, ‘భారం’ అనాలా? ఒక పాట పల్లవి గురించి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ‘ద బ్యాండ్’ అనే సంగీత బృందం గురించి ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. 1968లో వచ్చిన వాళ్ళ పాట ‘ద వెయిట్’ దగ్గర చిక్కుపడ్డాను. అలసిపోయిన బాటసారి ఒక ఊరు చేరి, తల వాల్చడానికి చోటుందా అని అడుగుతాడు. లేదంటారు. పల్లవిలో ఫ్యానీ అనే ఆమెతో, నీ భారం దించుకో, నా మీద వెయ్యి అంటారు. పాట పేరును ‘బరువు’ అనీ, పల్లవిలో ‘భారం’ అనీ రాశాను. రెండుచోట్లా ఒకే మాట ఉండాలా? ఆ ఊరి పేరు మన బైబిల్లో లాగే ‘నజరేతు’ అని రాయొచ్చా?

జవాబు

‘నజరేతు’ వద్దండి. అది చూడగానే మన పాఠకుడు నేరుగా మరియ, యోసేపుల దగ్గరికి వెళ్ళిపోతాడు. ఇది పెన్సిల్వేనియాలోని నాజరెత్. మార్టిన్ గిటార్లు అక్కడే తయారవుతాయి, 1839 నుంచీ. పాట రాసిన రాబీ రాబర్ట్‌సన్ తన గిటార్ నడుమ ఉండే రంధ్రంలోంచి చూస్తే లోపల చెక్క మీద ఆ ఊరి పేరు కనిపించిందట. పాట అక్కడే మొదలైందని ఆయనే చెప్పారు.

జవాబు

ఊరు పెన్సిల్వేనియాదే మాస్టారూ, కాదనను. కానీ అది మొరేవియన్లనే క్రైస్తవ శాఖవాళ్ళు కట్టుకున్న ఊరు, పేరేమో బైబిల్ నుంచే వచ్చింది. బస దొరకని బాటసారి, వీధిలో ఎదురయ్యే సైతాను, తీర్పు దినం కోసం కాచుక్కూర్చున్న ల్యూక్... ఇంత పెట్టుకుని ఇది ఉత్త గిటార్ల ఊరంటే ఎలా? నన్నడిగితే ‘నాజరెత్’ అనే రాసి, నజరేతు సంగతి పక్క వాక్యంలో చెప్పాలి.

జవాబు

నేను పల్లవి గురించే చెప్తాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పాట పేరులోని ‘వెయిట్’ అనే మాట పాటలో ఎక్కడా రాదు. పల్లవిలో వినపడేది ‘లోడ్’. కాబట్టి మీరు రెండు మాటలు వాడటం సబబే. అయితే ‘భారం’ తెలుగులో ఊరుకునే మాట కాదు. ‘భారం నీదే స్వామీ’ అని దేవుడితో అంటాం. కీర్తనల్లో ‘నీ భారము యెహోవామీద మోపుము’ అని ఉంది. ఫ్యానీతో ‘భారం నా మీద వెయ్యి’ అనగానే పాట ప్రార్థన అయిపోతుంది. అమెరికా వాడుకలో ‘భారం దించుకో’ అనే ఆ మొదటి ముక్కకి అర్థం ‘కాస్త కూర్చుని అలుపు తీర్చుకో’ అని, అంతే.

పైగా పాటలో సగం వేళాకోళం. ఊళ్ళో వాళ్ళని అడిగానని చెప్పమని ఫ్యానీ ఇతన్ని పంపుతుంది. ఇక్కడికొస్తే ఎదురైన ప్రతివాడూ తన గోల ఇతని నెత్తినే వేస్తాడు. ఛెస్టర్ అనేవాడైతే తన కుక్కని అంటగడతాడు. ‘ఎలాగూ ఉన్నావుగా, దీన్నీ చూసుకో’ అనే మన చుట్టాల బాపతు. అందుకని పల్లవిలోనూ ‘బరువు’ అనేసి, ‘నా మీద వెయ్యి’ బదులు ‘నెత్తిన పెట్టు’ అంటే నప్పుతుంది.

ఇంకోటి. పల్లవి చివర ‘అండ్’ అనే చిన్న మాటని ఒకరి తర్వాత ఒకరుగా మూడు గొంతులు అందుకుంటాయి. పాటకి ప్రాణం అదే. దాన్ని ‘మరియు’ అన్నారో, దస్తావేజు చదివినట్టే! మనకి ఆ పని చేసిపెట్టేది క్త్వార్థకం: ‘బరువు దించి... దించి... దించి, నా నెత్తిన పెట్టు’. మూడు గొంతులకీ చోటు దొరికింది, వాక్యమూ తెలుగే.

అడిగినవారు

‘దించి’ అద్భుతం అండీ, అదే పెడుతున్నాను. వ్యాసం మొదట్లో ‘అమెరికానా సంగీతానికి ఆద్యులైన ఈ అమెరికన్ బృందం’ అని రాశాను. ఆ మాటలు సరిపోతాయా?

జవాబు

‘అమెరికన్ బృందం’లో ‘అమెరికన్’ కొట్టెయ్యండి. అయిదుగురిలో నలుగురు కెనడావాళ్ళు. డ్రమ్మర్ లీవన్ హెల్మ్ ఒక్కడిదే అమెరికా, ఆర్కన్సా పల్లెటూరు. ఈ పాటలో ఎక్కువ భాగం ఆ యాసలోనే వినిపిస్తుంది. 1965-66లో జానపద గాయకుడిగా పేరుపడ్డ బాబ్ డిలన్ వెనక వాయిస్తున్నప్పుడు, కరెంటు గిటార్లు పట్టుకున్నారని జనం గోల చేస్తే విసిగిపోయి, లీవన్ కొన్నాళ్ళు మెక్సికో గల్ఫ్‌లో చమురు బావుల పనికి పోయాడు. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర గులాబీ రంగు ఇంట్లో ఉంటున్న మిగతావాళ్ళ దగ్గరికి తిరిగొచ్చాడు.

ఇక ‘అమెరికానా’. 1968లో ఆ మాటంటే అమెరికాకి చెందిన పాత వస్తువులూ, కాగితాలూ, జ్ఞాపకాలూ. జానపదం, కంట్రీ, బ్లూస్ లాంటివి కలిసిన ఒక సంగీత శాఖ పేరుగా స్థిరపడింది 1990లలో. అంతకు చాలా ముందే, బృందం పాత కూర్పు 1976 నవంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో వీడ్కోలు కచేరీ చేసుకుంది. గ్రామీలో అమెరికానా ఆల్బమ్‌కి విడిగా బహుమతి పెట్టింది 2010లో. మొదటిసారే అది లీవన్‌కి వచ్చింది. కాబట్టి ‘తర్వాత అమెరికానా అని పిలిచిన సంగీతానికి’ అని రాయండి.

జవాబు

బృందం పేరు సంగతి కూడా చూడండి. వుడ్‌స్టాక్‌లో ఇరుగుపొరుగు వీళ్ళని ఉత్త ‘ద బ్యాండ్’ అనేవాళ్ళు, అదే ఖాయమైంది. ఆ పిలుపుకి మన భాషలో దగ్గరిది ‘బ్యాండువాళ్ళు’. కానీ శీర్షికలో అది పెడితే పెళ్ళి ఊరేగింపు మేళం అనుకుంటారు. శీర్షికలో ‘ద బ్యాండ్’ ఉంచి, లోపల ఒక్కసారి ‘బ్యాండువాళ్ళు’ అనండి.