ఐదేళ్ల బాబుకి ఏడీహెచ్‌డీ పరీక్ష ఇప్పుడే చేయించాలా?

తొలిచినుకు: మా బాబుకి ఐదేళ్లు నిండాయి. ఒక్కచోట కూర్చోడు, వరసలో నిలబడమంటే ముందువాళ్లని తోస్తాడు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఏమో చూపించమని టీచర్ అన్నారు. నేను చూపిద్దామంటున్నా. మా ఆయన, అత్తగారు "పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

నిదానం: తొందరపడకండి. క్లాసులో వాడు అందరికంటే చిన్నవాడేమో చూడండి. అమెరికాలో 2018లో వచ్చిన అధ్యయనంలో, బళ్లో చేరాలంటే సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండాలనే నియమం ఉన్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లలకి సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ల కంటే ఈ ముద్ర 34 శాతం ఎక్కువగా పడిందని తేలింది. ఏడాది పెద్దవాళ్లతో పోల్చి చిన్నవాడికి జబ్బంటున్నారు.

కాగడా: ఆ అధ్యయనం చూపించొద్దని చెప్పలేదండి. మా అమ్మాయికీ అందరూ "సర్దుకుంటుంది" అనే అన్నారు. అల్లరి చేయదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. లెక్క సగం చేసి వదిలేసేది. నోట్‌బుక్ నిండా ఎర్ర ఇంకుతో "అశ్రద్ధ", "అశ్రద్ధ". పదమూడో ఏట విషయం తెలిసేసరికి తను మొద్దునని నమ్మేసింది. ఇప్పటికీ ఏ పని ఇచ్చినా ముందు "నా వల్ల కాదు" అంటుంది.

పొద్దుతిరుగుడు: ముందు వినికిడి, నిద్ర చూపించండి. గురక, టాన్సిల్స్ వల్ల నిద్ర చాలకపోయినా పిల్లలు ఇలాగే ఉంటారు.

నిదానం: దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ఫారాలు నింపుతారు, మందు మొదలెడతారు.

కాగడా: మందని ఎవరన్నారు? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో నాలుగైదేళ్ల పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వమనే ఉంది. పైగా లక్షణాలు ఆర్నెల్లు ఉండాలి, రెండుచోట్ల కనిపించాలి. టీచర్ ఒక్కరి మాట మీద తేల్చేయరు.

నిదానం: ఆర్నెల్లన్నారుగా. బాబు బళ్లో చేరి ఆర్నెల్లయిందా?

కాగడా: ఆర్నెల్లు లక్షణాలకి, బడికి కాదు!

నిదానం: బడి లేకుండా రెండో చోటెక్కడ?

కాగడా: బంధువుల ఇళ్లు, తోటి పిల్లలతో ఆడుకునే చోటు, ఇవి చోట్లు కావా?

వానకోయిల: ఇద్దరూ ఆర్నెల్ల దగ్గరే ఆగిపోయారు. ఆవిడ అడిగింది అది కాదు.

కాగడా: నిదానం గారూ, మీలాంటివాళ్ల మాటలు వినే మా పాప అన్నేళ్లు నష్టపోయింది. మీ పిల్లలైతే ఇలాగే చెబుతారా?

నిదానం: పిల్లల సంగతి కాదు, నా సంగతి చెబుతా వినండి. రెండో తరగతిలో నాకు డాక్టర్ రిపోర్టు ఇచ్చారు. మా నాన్న మంచికేనని అది బళ్లో ఇచ్చారు. మర్నాటి నుంచి చివరి బెంచీలో నన్నొక్కణ్నే కూర్చోబెట్టారు. ఎవరి పెన్సిల్ పోయినా ముందు నా బ్యాగే వెతికేవారు. డాక్టర్ మీద నాకు కోపం లేదు. ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో, నా భయమంతా దాని గురించే.

కాగడా: అన్యాయం జరిగింది మీకు. కానీ అది బడి చేసిన పని. మా పాపకి ఏ కాగితమూ లేదు, అయినా చివరి బెంచీనే ఇచ్చారు.

నిదానం: కాగితం ఉంటే ఇంకో సాకు దొరుకుతుంది. నేనైతే పరీక్ష చేయించినా బడికి చెప్పను.

కాగడా: చెప్పకపోతే ముందు సీటు, అదనపు సమయం ఏమని అడుగుతారు? ఇది నేను ఒప్పుకోను.

తొలిచినుకు: పుట్టినరోజులు చూశాను, క్లాసులో మావాడే అందరికంటే చిన్న. గురక కూడా పెడతాడు. ముందు చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపిస్తాం, దానికి మా ఆయన ఒప్పుకున్నారు. తర్వాత పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే రిపోర్టు మొత్తం బడికి ఇవ్వాలా?

కాగడా: టీచర్ నింపే ఫారం మాత్రం డాక్టర్‌కి కావాలి. రిపోర్టు మొత్తం ఇవ్వకండి. బాబుకి ఏ సాయం కావాలో ఒక పేజీలో రాసిమ్మని అడగండి.

నిదానం: ఆ పేజీలో జబ్బు పేరు రాయొద్దని చెప్పండి.

కాగడా: పేరు లేకపోతే అదనపు సమయం ఇవ్వం అనేస్తారండీ!

నిదానం: ఐదేళ్లవాడికి అదనపు సమయం దేనికండీ? పరీక్షలొచ్చాక చూసుకోవచ్చు. ఇప్పటికి ముందు సీటు అడగండి, చాలు.