అప్‌డేట్: ఏడాది నిండకుండా మెటర్నిటీ లీవ్ – 26 వారాలు వచ్చింది

ఉద్యోగంలో చేరిన ఏడు నెలలకే డెలివరీ డేట్ ఉందని, ఏడాది నిండలేదు కాబట్టి 12 వారాలే ఇస్తామని హెచ్‌ఆర్ అంటున్నారని అప్పట్లో ఇక్కడ అడిగాను. ఆ టెన్షన్‌లో జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

పని చేసింది 80 రోజుల సలహానే. ఏడాది నిండాలనే రూల్ మెటర్నిటీ బెనిఫిట్ చట్టంలో లేదు. డెలివరీకి వేసిన తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. లేబర్ కేసులు చూసే లాయరుగారు కూడా అదే చెప్పి, నా హాజరు ప్రింట్ మీద పెన్సిల్‌తో ఒక్కో రోజూ టిక్ పెట్టారు. 80వ టిక్ మూడో నెల దాటిన కొద్ది రోజులకే పడింది! ఆ కాగితం, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి మెయిల్ పెడితే పది రోజుల్లో ఒప్పుకున్నారు. ఆ చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడకూడదు. నేను మూడే వాడాను, మిగతా 23 పాపతోనే.

ఈఎస్‌ఐ (తక్కువ జీతం ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ బీమా) నాకు వర్తించలేదు, నెల జీతం దాని పరిమితి 21,000 రూపాయలు దాటింది. మా ఆయనకు 15 రోజుల పితృత్వ సెలవు కూడా కుదరలేదు. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్న రూల్, ప్రైవేటులో కంపెనీ ఇష్టం. ఆయన ఎర్న్‌డ్ లీవ్ పెట్టుకున్నారు.

హెచ్‌ఆర్‌తో ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి, మెయిల్‌లోనే అడగండి. నాకు రెండు వారాలు అక్కడే పోయాయి.