గుంతలు చెక్కిన ఫ్రెట్‌బోర్డ్ ఉన్న పాత గిటారు: బోర్డు మార్చాలా, ఫ్రెట్లే మార్చాలా?

కోటగోడ (విజయనగరం): పాత అకౌస్టిక్ గిటారు. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) లేదు. రోజ్‌వుడ్ బోర్డు మీద ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ (అడ్డంగా ఉండే లోహపు మెట్లు) మధ్య 2 మి.మీ. లోతు గుంత చెక్కి ఉంది. జీరో ఫ్రెట్ (తీగ మొదలయ్యే చోటి ఫ్రెట్) అరిగింది, మొదటి అయిదింట్లో గాళ్ళు పడ్డాయి. మెడ పొడవునా స్కేలు పెడితే ఏడో ఫ్రెట్ దగ్గర 0.9 మి.మీ. ఖాళీ. బోర్డు పీకి సాఫీ బోర్డు అంటించమని ఒక షాపులో చెప్పారు. సరేనా?

ఆరోతీగ: వద్దండి. గుంతలు గమకం కోసం చెక్కినవి, వేలు చెక్కకి తగలకుండా తీగ పక్కకి వెళ్తుంది. 1970ల్లో శక్తి అనే సంగీత బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటారుకీ ఇలాంటి బోర్డే. ఫ్రెట్లు మాత్రం మార్పించండి. సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్ వేడి చేసి, మొన అరగదీసిన కటర్‌తో అంచు నుంచి మెల్లగా లేపాలి. పెచ్చులూడితే రోజ్‌వుడ్ పొడి, సూపర్ గ్లూ. కొత్తవి సుత్తితో కొట్టకూడదు, గుంతల మధ్య మిగిలిన సన్నటి గట్టు చిట్లుతుంది. ఇత్తడి దిమ్మ పెట్టి క్లాంపుతో నొక్కాలి.

పనసచెక్క (బొబ్బిలి): ఇంత ఆలోచనేటండీ? గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళకి ఇవ్వండి. మైనం పోసి మెట్లు కూర్చి మేళం కట్టేస్తారు (శ్రుతికి సరిపెట్టేస్తారు).

సాఫీబోర్డు (శ్రీకాకుళం): మైనం మీద గిటారు ఫ్రెట్లా? తేనెమైనం 62–64 డిగ్రీలకి కరుగుతుంది, ఎండలో ముందే మెత్తబడుతుంది. ఈ ఫ్రెట్లకి అడుగున కాడ ఉంటుంది, అది దిగడానికి చెక్కలో గాడి ఉంటుంది. అది వేరే పని.

పనసచెక్క: వీణ మీద 24 మెట్లూ ఆ మైనంలోనే నిలబడుతున్నాయి కదా బాబూ!

సాఫీబోర్డు: నిలబడతాయి, శ్రుతి తప్పితే జరపడానికే అలా పెట్టారు. గిటారు ఫ్రెట్ జరగకూడదు. అసలు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు: 0.9 వంపు. 0.3 దాటితేనే ఎక్కువ. ఫ్రెట్లు మార్చినంత మాత్రాన మెడ తిన్నగా అవదు.

ఆరోతీగ: లావుపాటి కాడ ఉన్న ఫ్రెట్లు బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది మాస్టారూ, పాత గిటార్లకి అదే వైద్యం.

సాఫీబోర్డు: సాఫీ బోర్డుకి! ఇక్కడ గాడి, గుంత రెండూ ఇంచుమించు ఒకే లోతు. కాడ గట్టుని పక్కకి నెడితే ఆ గట్టు ఖాళీలోకి ఒరుగుతుంది, పక్క గట్టుకి ఒత్తిడి చేరదు. చెక్కేటప్పుడు ఇదెవరూ ఆలోచించరు. అలా చెక్కించుకుని పాడైపోయిన గిటార్లు నా బల్ల మీదకి వస్తాయి, తిట్లు మాత్రం నాకు.

ఆరోతీగ: మీ కోపం చెక్కినవాళ్ళ మీద, శిక్ష బోర్డుకి.

సాలూరు_సంతోష్: తీగలు వదిలేసి కొలిచారా? అప్పుడు తిన్నగా ఉంటే 12 సెట్ (లావు తీగలు) తీసి 10 సెట్ (సన్న తీగలు) వేస్తే సగం పని అయిపోతుంది.

కోటగోడ: తీగలు వదులు చేసి రాత్రంతా ఉంచి కొలిచాను. 0.6.

సాఫీబోర్డు: అయితే వంపు చెక్కలో పడిపోయింది. బోర్డు ఎలాగూ లేవాలి. మెడలో 3 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు కార్బన్ పట్టీలు రెండు దించి, ఎపాక్సీ జిగురు పోసి, పైన బోర్డు.

ఆరోతీగ: ఒప్పుకుంటాను. కానీ తిరిగి అదే బోర్డు అంటించండి.

సాఫీబోర్డు: గుంత అడుగున 4 మి.మీ. చెక్క, గాడి కింద ఇంకా తక్కువ. వేడికి గాడి దగ్గర విరిగితే ఎవరిది బాధ్యత?

ఆరోతీగ: ఇస్త్రీపెట్టె కాస్త కాస్త ఆన్చి, పల్చటి గరిటె దూర్చుతూ ఓపిగ్గా చేస్తే విరగదు. సాఫీ చేసేస్తే రాగం వాయించే గిటారు పోతుంది, చెప్పేశాను.

కోటగోడ: రాగం ఎవరూ వాయించరండి. మా పాప చర్చిలో కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి) వాయిస్తుంది. తను గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతోంది.

సాఫీబోర్డు: ఈ మాట మొదటే చెప్పాల్సింది! గుంతల బోర్డు మీద కార్డ్ గట్టిగా నొక్కితే తీగ కిందికి దిగి స్వరం పెరుగుతుంది. ఆ అమ్మాయికి సాఫీ బోర్డే.

ఆరోతీగ: మెల్లగా నొక్కడం నేర్పండి. వేలి కోసం బోర్డు మారుస్తారా?

సాఫీబోర్డు: వాయించేది ఆ వేలే కదండీ.

కోటగోడ: సాఫీ బోర్డే వేయిస్తాను. పాతది పారేయను.

ఆరోతీగ: అయితే ఊడిన వెంటనే చదునైన బల్లకి క్లాంపులు బిగించి చల్లారనివ్వండి. వేడెక్కిన చెక్క అలాగే వదిలేస్తే మెలితిరుగుతుంది. కొత్తది జంతు జిగురుతో అంటించమనండి, ఎపాక్సీ పట్టీల వరకే. అప్పుడైతే మళ్ళీ ఊడదీయొచ్చు.