ఆత్మ లేదంటే మళ్లీ పుట్టేది ఎవరు?

హంద్రీ_గట్టు:
మొన్న గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి అశోక శాసనాలు చూసొచ్చాను. వాటిలో పరలోకం మాట చాలాచోట్ల వస్తుంది. బుద్ధుడేమో ఆత్మ లేదన్నాడు. మరి పరలోకానికి పోయేదెవరు? రూపం, వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారం (మనసు చేసే సంకల్పాలు), విజ్ఞానం (ఎరుక), ఈ ఐదు స్కంధాలే, అంటే ఐదు పోగులే మనిషైతే చావుతో అవి చెదిరిపోతాయి కదా. కఠోపనిషత్తు నయం. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ రథికుడు. లోపల ఒకడు కూర్చుని ఉన్నాడు.

పత్తికొండ_బస్సు:
అన్నా, అదే రథాన్ని బౌద్ధ భిక్షువు నాగసేనుడు విప్పేశాడు. రథమెక్కి వచ్చానన్న మిలింద రాజును అడిగాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? రాజు దేనికీ అవునని చెప్పలేకపోయాడు. నాగసేనుడన్నదీ పిలుచుకోవడానికి పెట్టుకున్న పేరే. మళ్లీ పుట్టేవాడు అతడే కాదు, వేరొకడూ కాదు అన్నాడు. కర్మ కొనసాగుతుంది, మోసేవాడు అక్కర్లేదు.

కారం_దోశ_కడప:
రథం ముందు ఎవరు చెప్పారు? ఉపనిషత్తే కదా. అంటే వీళ్లది కాపీ.

హంద్రీ_గట్టు:
నేనడిగింది రథికుడి సంగతి తమ్ముడూ. నువ్వు బండి విప్పి చూపిస్తున్నావు.

పత్తికొండ_బస్సు:
ఆ రథికుణ్ణి చూపించండి మరి. ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు కూడా ఆత్మను నేతి నేతి, ఇది కాదు ఇది కాదు అనే చెప్పాడు.

హంద్రీ_గట్టు:
లేదు కాబట్టి అలా అనలేదాయన. పట్టుకుని చూపించే వస్తువు కాదు కాబట్టి అన్నాడు.

మంత్రాలయం_మెట్లు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. శంకరులకు జీవుడు బ్రహ్మమే. మా మఠం మధ్వ సంప్రదాయం, అక్కడ జీవులు అనేకం, మోక్షంలోనూ వేరువేరే. బౌద్ధుల్లోనూ వాత్సీపుత్రీయులనే శాఖవాళ్లు పుద్గలుడు, అంటే ఒక వ్యక్తి, ఉన్నాడన్నారు, స్కంధాలతో ఒకటీ కాదు, వేరూ కాదు అని. మిగతా బౌద్ధులు వాళ్లతో గట్టిగానే పోట్లాడారు.

కారం_దోశ_కడప:
కాపీ సంగతి ఎవరూ చెప్పలేదు.

హంద్రీ_గట్టు:
మా అన్న నాగపూర్ పోయి బౌద్ధం తీసుకున్నాడు. అప్పట్నుంచి నాన్న తద్దినానికి రాడు. పెద్దకొడుకు చేయాల్సింది నేను చేస్తున్నా. పిలిస్తే, పిండం తినేవాడెవడని అడుగుతాడు. బాధ్యత ఎగ్గొట్టడానికి మీ అనాత్మ బ్రహ్మాండంగా పనికొస్తోంది.

పత్తికొండ_బస్సు:
ఆయన ఎగ్గొట్టలేదు, మాట నిలబెట్టుకున్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం చేయను, పిండం పెట్టను అన్నది ఒకటి. మా తాత పోయినప్పుడు మంత్రం చెప్పే ఆయన మా వీధికే రాలేదు. అప్పుడు ఏ ఆత్మా గుర్తురాలేదు ఎవరికీ. ఛాందోగ్య ఉపనిషత్తు ఐదో అధ్యాయం తీయండి. మంచి నడత ఉంటే బ్రాహ్మణ జన్మ, చెడు నడతకు కుక్క, పంది, చండాల జన్మ. పాత జన్మ నుంచి ఒకడు నడిచొచ్చాడని ఒప్పుకుంటేనే నా పుట్టుకను నా నేరమని చూపించగలరు. ఆత్మ వద్దంటున్నది అందుకు.

హంద్రీ_గట్టు:
ఈ మాట మొదటే అనుంటే రథాల గొడవ తప్పేది. మీ తాతకు జరిగింది అన్యాయం, కాదనను. కానీ చూళకమ్మవిభంగ సుత్తంలో బుద్ధుడేమన్నాడు? మొండితనం, గర్వం ఉన్నవాడు మళ్లీ మనిషిగా పుడితే తక్కువ కులంలో పుడతాడని. ఆత్మను తీసేసినా ఆ లెక్క ఉండనే ఉంది.

పత్తికొండ_బస్సు:
గత జన్మ కర్మ వల్లే ఈ పుట్టుక అన్నదాన్ని అంబేడ్కర్ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను.

హంద్రీ_గట్టు:
అయితే నాగసేనుడు నీవాడు కాడు. కర్మ కొనసాగుతుందని పైన రాసింది నువ్వే.

పత్తికొండ_బస్సు:
అది ఆయన జవాబు, మీరడిగారని చెప్పా. మీ తగాదా ఆత్మతో కాదులే అన్నా. మీ నాన్న ఎక్కడో ఉన్నాడని మీ అన్న చేత ఒప్పించాలి మీకు.

హంద్రీ_గట్టు:
ఒప్పుకోకపోతే పోనీ. ఆ రోజు వచ్చి పక్కన కూర్చోమంటున్నా, అంతే.

పత్తికొండ_బస్సు:
భోజనానికి పిలవండి, వస్తాడు. పిండం దగ్గరికి మాత్రం పిలవకండి.

హంద్రీ_గట్టు:
తద్దినం రోజు మా ఇంట్లో పిండం పెట్టకముందు ఎవరికీ విస్తరి వేయరు.